ఎదురు కోల

ఆ సోమవారం బడిలో నా కూతుర్ని కొట్టాను. తప్పు చేసిన పిల్లను కొడుతున్నానని అనుకున్నాను. జబ్బుపడిన పిల్లను కొట్టానని తెలుసుకోవడానికి నాకు ఎనిమిది రోజులు పట్టింది. ఇలాంటి సంగతులు పత్రికకు రాసేవారు జబ్బు మొదలైన రోజు గురించి ముందు చెబుతారు. నాకు మాత్రం జబ్బు కంటే ముందు ఆ దెబ్బలే గుర్తుకు వస్తాయి.

యాభైల చివరి మాట ఇది. మైపాడు దారిలో, సముద్రానికి కోసెడు దూరంలో ఉంది మా ఊరు. అక్కడి మిషన్ బడిలో నేను పంతుల్ని. మా సుగుణకు అప్పుడు తొమ్మిదేళ్ళు. నా దగ్గరే నాలుగో తరగతి చదువుతోంది. ఒక్కతే బిడ్డ. చక్కటి చేతిరాత. ఆ పలక ఎత్తి చూపించి మిగతా పిల్లలను సిగ్గుపరచడం నాకు అలవాటు.

వారం రోజులుగా ఆ రాత చెడిపోతూ వచ్చింది. అక్షరాలు గీత దాటి పలక అంచుదాకా పాకుతున్నాయి. ఆ సోమవారం ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకుని ఉంటే సుగుణ కనుబొమ్మలు ఎగరేసింది. నాలుక బయటపెట్టి లోపలికి లాక్కుంది. చూసిన పిల్లలు కిసుక్కుమన్నారు. ప్రార్థన అయ్యాక పలక అందరికీ చూపించి, "ఏందిది?" అని అడిగాను.

"నేను సరిగ్గానే రాస్తుండా నాయనా. చెయ్యే నా మాట వినలా" అంది.

తరగతి గొల్లుమంది. అది ఎదురుసమాధానమనుకున్నాను. చెయ్యి చాపమన్నాను. చాపింది. బెత్తం పడేలోగా చెయ్యి పక్కకు తిరిగింది. "కదిలితే ఇంకొకటి" అన్నాను. మళ్ళీ కదిలింది. అలా ఏడు పడ్డాయి. ఏడో దెబ్బకు నవ్వింది, ఆ నవ్వు పూర్తికాకుండానే వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుపును నేను లెక్కలోకి తీసుకోలేదు. నవ్వినందుకు మోకాళ్ళ మీద నిలబెట్టాను.

సాయంత్రం రాహేలమ్మ వదిన మా ఇంటికి వచ్చింది. నా భార్య శాంతమ్మకు సొంత అక్క. పగలు నాట్లకూ కలుపులకూ పోయేది. పొద్దువాలాక మా పాలెం ఆడపిల్లలను పదిమందిని పోగుచేసి కోలాటం నేర్పేది. వాళ్ళలో సుగుణ ఒకతి. వాళ్ళు ఆడేది క్రిస్మసు పాటలకే. అయినా నాకది గిట్టేది కాదు. ట్రైనింగు చదువుకుని వచ్చినవాణ్ణి గదా, వాటిని గంతులనేవాణ్ణి.

"మరిదీ, ఒక మాట చెప్పిపోదామని వచ్చినా" అంది వదిన గడపలోనే నిలబడి. "పిల్లకి కోల తప్పుతుండాది. పది దినాలయింది. అది కళ్ళు మూసుకుని ఆడే పిల్ల. ఇప్పుడు జత పిల్ల మార్త వేళ్ళ మీద కొడుతుండాది. ఏదో ఉండాది లోపల. డాక్టరుకు చూపించు."

"తప్పేది కోల కాదు వదినా, బుద్ధి. మీ గంతులు మానిపిస్తే అదే సర్దుకుంటుంది."

"మావి గంతులా? నీ బడిలో గుంజిళ్ళు తీయిస్తావే, అవేంది మరి, ధ్యానమా?"

నాకు రోషం వచ్చింది. పిల్ల కోలలు మూలనుంచి తెచ్చి పొయ్యిలో పెట్టాను. శాంతమ్మ ఆ మంట మీదే సంగటి దించింది. సుగుణ చూస్తూ కూర్చుంది. భుజం మాత్రం దాని పాటికది ఎగురుతూనే ఉంది.

ఆ వారంలో సుగుణ చేతిలోంచి రెండుసార్లు కంచం జారిపడింది. రవిక గుండీలు పెట్టుకోలేకపోయింది. సరుగుడు తోపులో గాలి సోకిందని కొందరన్నారు. శాంతమ్మ మాత్రం పిల్లను కనిపెట్టి చూస్తూనే ఉంది. ఒకనాడు మధ్యాహ్నం నన్ను పిలిచి, నిద్రపోతున్న సుగుణను చూపించింది.

"చూడండి. నిద్రలో ఒక్క వేలు కదలదు. మేలుకుంటే నిలవదు. కావాలని చేసే పిల్లయితే నిద్ర లేచీ లేవకముందే కావాలని చేస్తదా?"

మర్నాడు నడుస్తూ నడుస్తూ కాలు మెలికపడి పడింది సుగుణ. మాట ముద్దముద్దగా వచ్చింది. అప్పుడు బండి కట్టించి ఇందుకూరుపేట వచ్చాం. అక్కడినుంచి బస్సులో నెల్లూరు ఆసుపత్రికి చేరాం.

డాక్టరమ్మ నడివయసు మనిషి. ముందుగా తన రెండు వేళ్ళు సుగుణ చేతికిచ్చి గట్టిగా పట్టుకోమంది. పిల్ల పట్టు బిగిసి, వదిలి, మళ్ళీ బిగిసింది. ఆవు పాలు పితికినట్టు ఉంది చూడటానికి. నాలుక చాపి అలాగే ఉంచమంది. నాలుక నిలవలేదు. "రెండు మూడు నెలల కింద గొంతు నొప్పి వచ్చిందా? కీళ్ళు వాచాయా?" అని అడిగింది. వచ్చాయి. వానల్లో గొంతు నొప్పి. తరువాత మోకాళ్ళ నొప్పులు. కోలాటమాడి తెచ్చుకుందని నేనే తిట్టాను.

గుండె దగ్గర చాలాసేపు విని స్టెతస్కోపు తీసింది. "రుమాటిక్ ఫీవర్. దాని వల్ల వచ్చిన కొరియా. గుండెలో చిన్న మర్మర్, అంటే ఉండకూడని చప్పుడు, వినిపిస్తోంది. అడ్మిట్ చేయండి. స్ట్రిక్ట్ బెడ్ రెస్ట్" అంది. కొరియా అంటే ఏమిటని అడిగాను. చేతులూ కాళ్ళూ వాటంతటవే కదలడం అని చెప్పి, "ఆ మాటకు గ్రీకులో డాన్స్ అని అర్థం" అంది.

తరువాత ఇంకా చాలా చెప్పింది. గొంతులో చేరిన క్రిమి గురించి, వాల్వుల గురించి. నాకు ఒక్క మాటే వినిపించింది. శాంతమ్మ వైపు తిరిగి, "చూశావా?" అన్నాను.

అంతటితో ఆగినా బాగుండేది. ఆదివారం ఊరికి వచ్చినప్పుడు ఆరాధన అయ్యాక లేచి నిలబడ్డాను. మా అమ్మాయికి వచ్చింది నాట్య జబ్బు, పేరులోనే ఉంది, డాక్టరే చెప్పింది, మీ పిల్లలను కోలాటానికి పంపితే తరువాత మీ ఇష్టం అన్నాను. నాకు నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చునని మా పాలెంలో గౌరవం. ఆ వారంలోనే తొమ్మిది ఇళ్ళలో పిల్లలను మానిపించారు. వదిన ఆట ఆగిపోయింది.

ఆసుపత్రిలో సుగుణ ఏడు వారాలుంది. పెనిసిలిన్ ఇంజెక్షన్లు, ఫినోబార్బిటోన్ మాత్రలు. చేతులూ కాళ్ళూ ఇనప మంచానికి కొట్టుకోకుండా నర్సులు చుట్టూ దుప్పట్లు కట్టారు. శాంతమ్మ అన్నం కలిపి నోట్లో పెట్టేది. శని, ఆదివారాలు నేను వెళ్ళేవాణ్ణి. ఒక శనివారం పిల్ల నన్ను దగ్గరకు రమ్మని సైగ చేసింది. మాట ఇంకా ముద్దగానే ఉంది. చెవి ఒగ్గి విన్నాను.

"నేను ఆడినందుకు దేవుడు నన్ను ఇట్టా ఆడిస్తుండాడా నాయనా?"

ఎవరు చెప్పారని అడగాల్సిన పని లేదు. కాదు అనడానికి ఒక్క క్షణం చాలు. "ప్రార్థన చేసుకో అమ్మణ్ణీ" అన్నాను. అవునన్నట్టే అయింది. నా జీవితంలో వెనక్కి తీసుకోవాలని ఉన్న మాట ఏదంటే అదే.

ఇంటికి వచ్చిన రెండు నెలలకు కదలికలు బాగా తగ్గాయి. జబ్బు దిగిపోతోందని ఊరంతా సంతోషించింది. పిల్ల మాత్రం కోలుకోలేదు. రెండు చేతులూ పావడా కింద దాచుకుని కూర్చునేది. గ్లాసు ఇస్తే పట్టుకునేది కాదు, తాగించమనేది. పలక చూస్తే ముఖం తిప్పుకునేది. నేను గదిలోకి వస్తే చేతులు ఇంకా లోపలికి పోయేవి. ఇది జబ్బు మిగులో, నా దెబ్బల మిగులో నాకు తెలిసేది కాదు.

ఆ నెల పరీక్షకు తీసుకుపోయినప్పుడు డాక్టరమ్మ సంతోషంగానే చూసింది. "మూవ్‌మెంట్స్ దాదాపు పోయాయి. మర్మర్ కూడా మెత్తబడింది. మరి ఈ పిల్ల చేతులు ఎందుకు దాస్తోంది?" అని సుగుణనే అడిగింది.

"అవి చెడ్డయి. ఆడి ఆడి జబ్బు తెచ్చినాయి" అంది సుగుణ.

డాక్టరమ్మ నా వైపు చూసింది. దాచలేక అంతా చెప్పాను, సంఘంలో చెప్పింది కూడా. ఆమె కోప్పడలేదు. కోప్పడి ఉంటే కొంత తేలికయ్యేది.

"మాస్టారూ, గవదబిళ్ళలు అంటాం. బిళ్ళలు మింగితే వచ్చాయంటారా? చూడటానికి ఎలా ఉందో దాన్నిబట్టి ఎవరో పేరు పెట్టారు. వచ్చింది గొంతు నొప్పి వల్ల. డాన్స్ వల్ల ఈ జబ్బు రాదు." తరువాత సుగుణ గడ్డం పట్టుకుని, "నీ చేతులు మంచివే. జబ్బు చేసింది, తగ్గుతోంది. ఏం ఆడేదానివి?" అంది.

"కోలాటం" అంది పిల్ల, నేలచూపులు చూస్తూ.

"కూర్చుని ఆడవచ్చా దాన్ని?"

సుగుణ తలెత్తింది. "చిన్న పిలకాయలకి కూర్చోబెట్టే నేర్పిస్తది పెద్దమ్మ."

"అయితే కూర్చుని ఆడు. రోజూ కాసేపు. ఆయాసం వస్తే ఆపెయ్యాలి. నేను చెప్పేదాకా లేచి ఆడకూడదు." నాతో ఇంగ్లీషులో అంది, పిల్ల చేతులకు బలం కంటే ముందు ధైర్యం కావాలి, అది మాత్ర రూపంలో దొరకదు అని.

ఇంటికి వచ్చి, అక్కను పిలుచుకురమ్మని శాంతమ్మతో అన్నాను. "ఆమె ఆట పోగొట్టింది మీరు. మీరే పోయి అడగండి" అంది.

వదిన తన ఇంటి ముందు కూర్చుని కొడవలికి పిడి బిగిస్తోంది. నన్ను చూసి చెయ్యి అడ్డంపెట్టింది. "అయ్యోరా, ఆడనే నిలబడు. కోలాటం జబ్బు గదా, నీకు అంటుకుంటే బడి ఎవురు చెబుతారు?"

నిలబడ్డాను. డాక్టరమ్మ చెప్పింది చెప్పాను. నాది తప్పన్నాను. ఆ మాట నోట్లోంచి రావడానికి ఎంత కష్టమైందో ఇప్పుడు చెబితే నవ్వుతారు.

"పిల్ల నీదొక్కడిదేనా? నా చెల్లి బిడ్డ. నేను వస్తా" అంది. "అయితే ఒకటి. కోలాటం ఒక్కరి ఆట కాదు. ఎదురు కోల కావాల. జత పిలకాయలందరినీ నువ్వు మానిపిస్తివి. ఎదురు నువ్వే కూర్చోవాల."

"నాకేం వచ్చు వదినా?"

"దెబ్బలు కొట్టేది వచ్చు గదా. కాచుకునేది నేర్చుకో."

అలా మా వరండాలో మొదలైంది. వదిన తెచ్చిన పాత కోలలతో సుగుణ ఒక వైపు, నేను ఎదురుగా, చాప మీద. వదిన పాట ఎత్తుకుంది. మొదటి దెబ్బ గాలిలో పోయింది. రెండోది నా వేళ్ళ కణుపుల మీద పడింది. ఫట్‌మని శబ్దం వచ్చింది. సుగుణ కోలలు వదిలేసి చేతులు పావడా కింద దాచుకుంది. తల వంచేసి, భుజాలు ముడుచుకుంది. దెబ్బ కోసం ఎదురుచూస్తోంది.

ఆ భంగిమ నాకు బాగా తెలుసు. బడిలో రోజూ చూసేదే. దాన్ని ఎదుటి చాప మీద కూర్చుని చూడటం మాత్రం అదే మొదలు.

"అమ్మణ్ణీ" అన్నాను. "ఆ దినం బడిలో నువ్వు నిజమే చెప్పినావు. చెయ్యి నీ మాట వినలేదు. నేనే నీ మాట వినలేదు. ఏడు దెబ్బలు కొట్టినా. జబ్బు నీ వల్ల రాలేదు. ఆసుపత్రిలో నువ్వు అడిగినప్పుడే చెప్పాల్సింది, చెప్పలా."

పావడా కిందనుంచి ఒక చెయ్యి మెల్లగా బయటకు వచ్చి కోల వెతుక్కుంది. నేను నా కోల చాపాను. వదిన ముక్కు చీది, గొంతు సవరించుకుని మళ్ళీ ఎత్తుకుంది. ఈసారి తప్పింది నేను. ఆ తరువాతా నేనే.

"బాగుండాది" అంది వదిన. "బిడ్డకి చెయ్యి లేదు, నాయనకి తాళం లేదు. జత కుదిరింది."

సుగుణ నవ్వింది. నెలల తరువాత ఇంట్లో ఆ నవ్వు విని శాంతమ్మ వంటింట్లోంచి పిండి చేతులతోనే వచ్చింది.

నిజంగానే నాకు తాళం లేదు. నలభై ఏళ్ళు దాన్ని గంతులంటూ గడిపినవాడికి ఎక్కడినుంచి వస్తుంది? పదిరోజులు గడిచేసరికి సుగుణే నాకు పంతులమ్మ అయింది. "చేతిని చూడబాక నాయనా. చూస్తే తప్పుతావు. పాట విను. చెయ్యి దాని పాటికది వస్తది" అనేది. నాకు చెబుతూ చెబుతూ తనూ చూడటం మానేసింది. పలక ముందు వణికే చెయ్యి పాట నడుస్తుంటే వణికేది కాదు. నిలుపు నిలుపు అని నేను గద్దించినన్నాళ్ళూ నిలవని చెయ్యి, కదలమనే చోట నెమ్మదించింది. దీనికి వైద్యంలో ఏం పేరుందో నాకు తెలియదు. జబ్బు దాని గడువుకు అది తగ్గుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. కోలాటం జబ్బును తగ్గించిందని నేను అనను. జబ్బు తగ్గాక మిగిలిపోయిన భయాన్ని తీసేసింది. నెల తరువాత గ్లాసు పట్టుకుంది. ఆ తరువాత ఒక రోజు తనంతట తానే పలక అడిగింది.

మళ్ళీ వానాకాలం వచ్చింది. నెలనెలా పెనిసిలిన్ ఇంజెక్షను తప్పకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పి ఉంది. బడి తనిఖీ ఉందని నేను ఆ నెల పదిరోజులు వెనక్కి జరిపాను. అందులోనే పిల్లకు గొంతు నొప్పి వచ్చింది. కొన్ని వారాలకు ఒక సాయంత్రం వదిన పాట ఆపేసి నా వైపు చూసింది. "మరిదీ, రెండో దెబ్బకి పిల్ల చెయ్యి లేటుగా వస్తుండాది." నాకేమీ కనిపించలేదు. అయినా మరుసటి బస్సుకే బయలుదేరాం.

డాక్టరమ్మ పరీక్షించి, "మైల్డ్ రికరెన్స్, కొద్దిగా తిరగబెట్టింది. చాలా తొందరగా తెచ్చారే, ఎలా కనిపెట్టారు?" అంది. మా వదిన కనిపెట్టిందని చెప్పాను. "ఆమెను ఒకసారి తీసుకురండి, చూడాలి" అంది. ఆ విడత మూడు వారాలలో సర్దుకుంది.

ఇప్పుడు సుగుణ నెల్లూరులో టీచరు ట్రైనింగు చదువుతోంది. నెలకోసారి ఇంజెక్షను ఇంకా ఉంది. మర్మర్ చెవి పెట్టి వెతికితే గాని వినిపించదట. పరుగు పందేలు వద్దన్నారు, కోలాటం ఆడవచ్చన్నారు. సెలవులకు వస్తే పాలెం పిల్లలకు వదినతో పాటు తనూ నేర్పుతుంది. నేను బడిలో బెత్తం పట్టడం మానేశాను. వరండాలో ఎదురు కోల మానలేదు. పగలంతా పిల్లలతో అరిచిన మనిషి సాయంత్రం అరగంట పాటు ఇంకొకరి దెబ్బకు తన దెబ్బ కలిపితే ఎంత నెమ్మది కలుగుతుందో చెప్పలేను. శాంతమ్మను అడిగితే చెబుతుంది.

సాటి తల్లిదండ్రులకు, పంతుళ్ళకు నేను చెప్పగలిగింది ఒకటే. పిల్ల ఇష్టంగా, బాగా చేసే పనిలో ఉన్నట్టుండి తప్పులు పడితే కోపం తెచ్చుకోకండి. మీ రెండు వేళ్ళు ఇచ్చి గట్టిగా పట్టుకోమనండి. పట్టు నిలవకపోతే ఈమధ్య గొంతు నొప్పి వచ్చిందేమో అడిగి, అదే వారం ఆసుపత్రికి తీసుకుపొండి.

ఇంకొకటి చెప్పకపోతే ఇది సగం నిజమే అవుతుంది. ఇంట్లో తప్పు ఒప్పుకున్నాను గాని, సంఘంలో చెప్పిన మాట సరిదిద్దడానికి నాకు ఏడాది పైన పట్టింది. పెద్దమనిషినన్న పేరు పోతుందని ఊరకున్నాను. సుగుణకు రెండోసారి నయమయ్యాక ఒక ఆదివారం లేచి చెప్పాను. వదిన మాట వినని సంగతీ, ఏడు దెబ్బల సంగతీ కూడా చెప్పాను. మర్నాడు బడిలో, ఆనాడు నవ్విన పిల్లల ముందు, నన్ను క్షమించమని సుగుణను అడిగాను. ఆ తరువాత కోలలు చేయించి తొమ్మిది ఇళ్ళకూ పోయాను. ఎనిమిదిమంది తిరిగి వచ్చారు.

తొమ్మిదోది మార్త, సుగుణకు జత. అందరిలోకి పెద్దది, వదిన తరువాత పాట ఎత్తుకోవలసిన పిల్ల. నేను ఊరకున్న ఆ ఏడాదిలో పెళ్ళయి వాకాడు దగ్గర అత్తగారింటికి పోయింది. బస్సెక్కి వాకాడు పోయాను. మార్త అత్త వాకిట్లో వడ్లు ఎండబోస్తోంది. వచ్చిన పని మార్తకు చెప్పాను.

"ఎవురమ్మా ఈయన?" అని ఆమె కోడల్ని అడిగింది.

"మా అయ్యోరు అత్తా. మేం తప్పు చేస్తే కొట్టేవాడు. ఇప్పుడు ఆయన తప్పు చేసినాడంట, చెప్పుకోను వచ్చినాడు."

"అట్టయితే నువ్వు రెండు తగిలించు" అంది అత్త, వడ్లు నెరపుతూనే.

మార్త నవ్వుతూ నేను తెచ్చిన మూట విప్పింది. నాలుగు కోలలున్నాయి. "రెండు జతలు తెచ్చినారే అయ్యోరా. ఈడ నాకు ఎదురెవురుండారు?" అంది.

కండువా తీసి అరుగు మీద పెట్టి రెండు కోలలు నేను తీసుకున్నాను. మార్త నా ముఖం వైపు చూసి, అత్త వైపు చూసింది. ఆ పెద్దామె ఒక్క క్షణం నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. తరువాత ఎండబోసిన వడ్లను కాలితో ఒక పక్కకు ఎగదోసి, వాకిట్లో మాకు చోటు చేసింది.